ఓడ నోటి కాడ మీ తాత సెయ్యి

"అమ్మమ్మా, నిజం చెప్పినందుకు ఆఫీసులో నన్ను మూలకి నెట్టీసారు. అబద్ధమాడినోడికి పెద్ద కుర్చీ ఇచ్చారు. దేవుడు చూస్తున్నాడంటావా?"

సూస్తన్నాడా అనా? ముందు ఆ చెప్పులిప్పి లోపలికి రాయే. మద్దిలపాలెం నుంచి బస్సులో ఏడుసుకుంటూ వచ్చినట్టున్నావు, మొహం సూడు ఎలగుందో. కూసో. ఇదే మాట నాను మీ తాతనడిగినాను, తెలుసా? నీలాగ ముక్కు సీదుకుంటూ కాదు. గిన్ని ఇసిరి అడిగినాను. అదిగో, ఆ సొట్ట గిన్నే. ఇంకా అన్నం అందులోనే వండుతన్నాను.

మీ అమ్మ అప్పుడు పలక పట్టుకునీ వయసు. బస్సు టిక్కెట్టు పది పైసలు... కాదు, పదిహేనేమో, పోనీలే. మీ తాత దానియేలు హార్బర్లో ఓడల కాడ పని. ఏం పనంటే, సెప్తాను విను. ఓడ కడుపు మేడంత లోతుంటాది. అడుగున కళాసీలు సరుకు సర్దుతారు. పైన క్రేను. క్రేను నడిపీవోడికి కింద మనుషులు కనపడరు. కిందోళ్ళకి క్రేను కనపడదు. ఆ మోతలో కేకేసినా ఇనపడదు. అందుకని ఓడ నోటి కాడ ఒక మనిషి నిలబడి సేత్తో సైగ సేస్తాడు. దించు, ఎత్తు, ఆపు. కిందున్నోళ్ళ పేణాలన్నీ ఆ సేతిలోనే ఉంటాయన్నమాట. ఆ సెయ్యి మీ తాతది.

ఆ గేంగుకి మేస్త్రీ మోజేసు. మన చర్చి సంఘపోడే, ముందు బెంచీ. బరువులెత్తే ఇనప తాడు పోగులు లేచిపోయి ఉంటే మీ తాత సూపించి, "మార్చాలి బావా" అన్నాడు. "రేపు సూద్దాం" అన్నాడు ఆడు. ఆ పూటే తెగింది. కింద నూకరాజని ఒక కళాసీ, మంచోడు పాపం, కాలు నుజ్జయిపోనాది.

ఆ సాయంత్రమే మేస్త్రీ మా ఇంటికొచ్చాడు. నాను టీ కూడా ఇచ్చినాను, నా సేతులు ఇరగ. "నూకరాజు తాగొచ్చి బరువు కిందకెళ్ళిపోనాడని సెప్పు బావా. మనం మనం సంఘపోళ్ళం" అన్నాడు.

"ఆడు తాగలేదు బావా. తాడు పాతది" అన్నాడు మీ తాత.

అంతే. మర్నాటి నుంచి పని లేదు. ఆడి మేనల్లుణ్ణి తెచ్చి ఓడ నోటి కాడ నిలబెట్టీసాడు. నూకరాజు మీద తాగుబోతని ముద్రేసి ఇంటికి పంపీసారు. మిగతా కళాసీలు తలొంచుకున్నారు. పిల్లలున్నోళ్ళు, ఆళ్ళనేటంటాను? మీ తాత పొద్దున్నే రైలెక్కి దువ్వాడెళ్ళి, స్టీలుప్లాంటుకి నేల చదును సేసీ కాడ మట్టి తట్టలు మోసీవోడు. సైగ సేసిన సెయ్యి పొక్కులెక్కిపోనాది.

మరి మేస్త్రీ? మేడ కట్టాడు. స్కూటరు కొన్నాడు. చర్చికి ఫేన్లిచ్చాడు, ఇచ్చి ఊరుకున్నాడా, రెక్కరెక్కకీ ఆడి పేరు రాయించాడు! ప్రార్థనలో తలెత్తి దేవుణ్ణి తలుసుకుందామంటే మోజేసే గిర్రుగిర్రున తిరుగుతాడు. ఒక ఆదివారం లేచి సాక్ష్యం సెప్పాడు, ప్రభువు నన్ను హెచ్చించాడని. నాకు ఒళ్ళు మండిపోనాది.

నాను బడికెళ్ళినదాన్ని కాదే. పాటల పుస్తకంలో పాటలన్నీ నోటికొచ్చు గదా, ఏ మాట ఎక్కడుందో ఏలెట్టి పట్టుకుని, అలగ అక్షరాలు నేర్సుకున్నాను. తరవాత ఏ కాగితం దొరికినా వదల్లేదు. సదవడం వచ్చాక కోపం తగ్గాలి గదా? పెరిగింది. అందుకే ఆ ఆదివారం నానూ లేచి నిలబడ్డాను. "అయ్యగారూ, నాదీ ఒక సాక్ష్యముంది. ముందు ఆ ఫేన్లాపండి, అందరికీ ఇనపడాలి. నూకరాజు కాలు ఇరగ్గొట్టింది తాగుడు కాదు, పాత తాడు!" అన్నాను. పాస్టరయ్యగారు కంగారుపడిపోయి పాటెత్తుకున్నారు. నాను వదుల్తానా? ఆ పాట అందరికన్నా గట్టిగా నానే పాడినాను.

ఆ రోజే ఇంటికొచ్చి గిన్ని ఇసిరినాను. "నీ దేవుడు నిద్రపోతన్నాడా?" అన్నాను. మీ తాత గిన్ని తీసి పక్కనెట్టి, పిడికిలి బిగించి ఇలగ పైకెత్తాడు. "ఇదేటో తెలుసా? ఆపు అని. బరువు గాల్లో ఊగుతన్నప్పుడు దించకూడదు, కిందోడు సస్తాడు. ఊగడం తగ్గీదాకా సెయ్యి కదపకూడదు. నాను సెయ్యి దించినాననుకున్నావా? ఎత్తే ఉంచినాను" అన్నాడు. అప్పుడు నాకు తెలిసింది, ఓపికంటే నోరు మూసుకోడం కాదని. నోరు నాకొదిలీసాడు, సెయ్యి తానుంచుకున్నాడు. బాగానే పంచుకున్నాం.

అలగ రెండు క్రిస్మసులెళ్ళిపోనాయి.

ఒక రోజు స్టీలుప్లాంటుకే, పెద్ద పెద్ద యంత్రాలతో ఓడొచ్చింది. మేనల్లుడు ఎటో సూస్తా సెయ్యూపాడు. బరువు ఒకడి బుజాన్ని రాసుకుంటూ పోనాది. కళాసీలందరూ నిచ్చెనెక్కి పైకొచ్చి డెక్కు మీద కూసున్నారు. మేస్త్రీ తిట్టాడు, బతిమాలాడు. ఆఫీసరొచ్చాడు. నాను సూళ్ళేదులే, ఆడోళ్ళని జెట్టీ మీదకి రానివ్వరు. కానీ నూకరాజు కర్రూనుకుంటూ వచ్చి నవ్వాపుకోలేక సెప్పాడు, ఆడి తమ్ముడు ఆ గేంగులోనే గదా.

ఒక ముసలి కళాసీ లేచి అన్నాడంట, "మేస్త్రీ బావా, నీ మేనల్లుడి సెయ్యి అంత మంచిదైతే ఈ ఒక్క బరువుకీ అడుగున నువ్వు నిలబడు. ఆ తరవాత మేమందరం దిగుతాం."

ఆఫీసరు ముందర కాదనలేడు గదా. దిగాడు. నాలుగు మెట్లు దిగాడు. క్రేను బరువెత్తింది. అక్కడ ఆగి పైకి సూసాడు. ఓడ నోటి కాడ సొంత మేనల్లుడు, సెయ్యెత్తి నిలబడున్నాడు. ఆడే తెచ్చి నిలబెట్టిన సెయ్యే! సూసి సూసి, ఓలమ్మో, గబగబా ఎక్కొచ్చీసాడంట, చెమటతో చొక్కా తడిసిపోయి. ఆడి నోటితో ఆడే అన్నాడు. "దానియేల్ని పిలవండి."

ఇంకేటి కావాలే సాక్ష్యం? అప్పుడు లేచాయి నోళ్ళన్నీ. తాడు పాతదని ఒకడు, నూకరాజు తాగలేదని ఒకడు, దానియేలు ముందే సెప్పాడని ఒకడు. మేస్త్రీతనం పోనాది. నూకరాజు మీద ముద్ర సెరిగిపోనాది, గేటు కాడ కూసునీ పనిచ్చారు.

నాను టేసనుకి పరిగెత్తినాను. మీ తాత రైలు దిగీ దిగ్గానే ఫ్లాటుఫారం మీదే అరిసి సెప్పినాను, జనమంతా సూస్తన్నారు. ఏటన్నాడో తెలుసా? "బుజానికి తగిలినోడికి బాగానే ఉందా?" అన్నాడు. అదీ మీ తాత! మర్నాడు మట్టి పొక్కుల సెయ్యెత్తితే, కళాసీలు ఒక్క మాటనకుండా ఒకడెనక ఒకడు నిచ్చెన దిగీసారంట. ఆ ఆదివారం చర్చిలో నాను పాడిన పాటకి ఫేన్ల మోత ఇనపడలేదు.

మోజేసు ఎనక తలుపు కాడ నిలబడ్డాడు. మీ తాత జరిగి, పక్కన సోటిచ్చాడు. ఇంటికొచ్చాక నాను దులిపీసాననుకో. "పైన సెయ్యి సూసి భయపడ్డోడు బావా ఆడు, ఇప్పుడైనా కూసోనీ" అంటాడు నాతోటి! నన్ను బావా అన్నాడే, తికమకలో.

సరే. రేపు ఆఫీసుకెళ్ళు. మూలకి నెట్టీసారా? మూల్లోనే నిటారుగా కూసో. సెప్పిన నిజం మాత్రం దించకు. ఏది, తలొంచు. అబద్ధమాడని సెయ్యి ఎప్పుడూ నీ పైనుండాలి తల్లీ. నువ్వు సెయ్యెత్తిన రోజున, కిందున్నోళ్ళు భయం లేకుండా నిచ్చెన దిగాలి. ఆమేన్ అను. గట్టిగా అనవే, నా సెవులకినపడొద్దా... ఇంకొంచెం ఒంగు, సెయ్యందట్లేదు...