పదో రాయి ఏమంది

కూర్చో అమ్మాయ్, ఆ మెట్టు మీదే కూర్చో, ఏం మాసిపోదులే. ఏంటీ? కాస్త గట్టిగా అను. ఆఁ, చల్లగానే ఉంటుంది మరి, ఎండాకాలంలోనూ అంతే. మీ కాలేజీ పుస్తకంలో దీన్ని అగ్నిశిల అని రాశారా? బాగుంది. పుట్టిందేమో నిప్పులో, కూర్చుంటేనేమో ఒళ్ళు చల్లబడుతుంది. మా బావకీ ఇదే విడ్డూరంగా ఉండేది. మా అక్క మొగుడు, నువ్వు చూళ్ళేదు, మీ నాన్నకే సరిగ్గా గుర్తుండడు. క్వారీలో అందరూ ఆయన్ని చెవులాయన అనేవాళ్ళు. చెవులు పెద్దవని కాదు, ఆ మాటకొస్తే చిన్నవే, మా అక్కవే పెద్దవి. ఏం చెప్తున్నాను? ఆఁ, రాయి. చిన్న సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి చెవి ఆనించేవాడు. మంచి రాయైతే ఖంగుమంటుంది. లోపల వెంట్రుకంత పగులున్నా దబ్బుమంటుంది. "చచ్చిందిరా ఇది" అనేవాడు, అంతే, దాన్ని కంకర కొట్టేసి రైలు పట్టాల కిందకి పంపడమే. బతికిన రాయైతే మెట్లకో, వంతెన స్తంభాలకో పోయేది. అలాంటి రాయి మీద నేను నీళ్ళు పోసేవాణ్ణి. ఎందుకంటావా? పైనంతా ఆరిపోయినా, పగులుంటే అక్కడ మాత్రం సన్నగా తడిగీత మిగిలిపోతుంది. బావ ఆ నీళ్ళవైపు చూసేవాడే కాదు. "కళ్ళున్న ప్రతివాడూ చేసే పని అది, నువ్వు చెయ్యి" అనేవాడు. అప్పటికి నాకు పెళ్ళయింది, మీ నాన్న కూడా పుట్టాడు, అయినా ఆయన ముందు నాకు నోట్లో నాలుక ఉండేది కాదు.

ఒకసారి సర్వే ఆయనొకడు వచ్చాడు, కళ్ళజోడు, చేతిలో భూతద్దం. "భూమి అడుగున కరిగిన రాయి లక్షల ఏళ్ళు మెల్లగా చల్లారిందండీ, అందుకే గింజ ఇంత పెద్దది. అదే పైకి పొంగి గబుక్కున చల్లారితే గింజ కంటికి ఆనదు" అని చెప్పుకుపోయాడు. ఆ మెరిసేది అభ్రకం అన్నాడు, గాజులా ఉండేదానికి ఇంకేదో పేరు చెప్పాడు. మా బావ చేతులు కట్టుకుని అంతా విని, "తొందరపడకపోతే గట్టిపడుతుంది, అంతేగా బాబూ? మా ఆవిడకి కాస్త చెప్పండి" అన్నాడు. అందరం పడీ పడీ నవ్వాం. అప్పటికి బావకి బాగానే వినపడేదన్నమాట. లేక ఆ సర్వే ఆయన గొంతే పెద్దదా? అదిగో, అక్కడే నాకు లెక్క తప్పుతుంది.

ఆ తర్వాతే ఆసుపత్రి మెట్ల పని వచ్చింది. పన్నెండో పదమూడో మెట్లు, ఒక్కోటీ ఒకే రాయి. బావ మొదటి రాయి కొట్టాడు, చచ్చిందన్నాడు. రెండోదీ చచ్చింది. మూడోదీ. నాకేమో ఖంగుమనే వినపడింది. సమ్మెట కొట్టే ముసలాయన్ని మెల్లగా అడిగితే, "దబ్బుమంది కదరా, నీ చెవిలో గుబిలి తీయించుకో" అన్నాడు. ఇంకొకణ్ణి అడిగితే వాడూ అంతే. చెవులాయన చచ్చిందన్నాక దానికి ఖంగుమనే హక్కు ఎక్కడిది? నాలుగోది కొట్టేసరికి, ఒట్టు, నాకూ దబ్బుమన్నట్టే అనిపించింది. అలా తొమ్మిది రాళ్ళు కంకరైపోయాయి. చచ్చినవాటి మీద నీళ్ళు పోయడం మాకు ఆనవాయితీ లేదు, పోసుంటే అవి మంచివని తెలిసిపోయేది.

ఆ సాయంత్రం అక్క నా దగ్గర కూర్చుని ఏడ్చింది. "మీ బావకి నా మీద కోపం ఎందుకురా? ఆర్నెల్లుగా వెనక నుంచి పిలిస్తే పలకడు. నేనేం చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే" అంది. ఆ మాట తన నోటి నుంచి వచ్చాక ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.

మర్నాడు దారిపొడవునా వల్లెవేసుకుంటూ వెళ్ళాను, "బావా, ఒకసారి డాక్టరుకి చూపిద్దాం" అని. వెళ్ళేసరికి పదో రాయి దగ్గర నిలబడి ఉన్నాడు. అందరూ చేరాక కొట్టాడు. ఖంగుమంది అమ్మాయ్, గుడి గంటలా మోగింది. ఆయన చెవి ఆనించలేదు. నావైపు తిరిగి, జన్మలో మొదటిసారి, "ఏమందిరా?" అన్నాడు. పదిమంది చేతులాపి నా నోటికేసి చూస్తున్నారు. ఖంగుమందంటే ఆయన పరువేం కాను? కంకరైన ఆ తొమ్మిదింటి మాటేంటి? "దబ్బుమంది బావా" అన్నాను. నా పెదాల కదలికే చూశాడు. ఆ చిన్న సుత్తి నా చేతిలో పెట్టి ఇంటికెళ్ళిపోయాడు. మళ్ళీ క్వారీ గడప తొక్కలేదు.

ఆయన వెళ్ళాక చూశాను, రాయి వెనక ఖాళీ బకెట్టు, చుట్టూ నేలంతా తడి. రాయి పైన మాత్రం పొడిగా ఉంది, ఒక్క గీత లేదు. మేమెవరం రాకముందే నీళ్ళు పోసి, ఆరేదాకా కూర్చుని చూసుకున్నాడు. మంచి రాయని తెలిసే అడిగాడు. మరి నేనలా అన్నాక ఏమనుకున్నట్టు? వీడి చెవి పనికిరాదనుకున్నాడా, వీడి నోరు పనికిరాదనుకున్నాడా? సుత్తి ఇచ్చాడంటే ఇక నువ్వే చూసుకోమనా, నీకూ నాకూ తేడా లేదనా? ఆ రాయిని కంకర కానివ్వలేదు, బండి మీద ఇంటికి తెచ్చేశాను. నువ్వు కూర్చున్నది అదే. లేవకు, లేవకు. ఆయనా నాలుగేళ్ళు సాయంత్రాలు వచ్చి దాని మీదే కూర్చునేవాడు, అరచేత్తో నిమిరేవాడు. ఆ రోజు సంగతి ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు. అడగాలంటే గట్టిగా అడగాలి మరి, వీధంతా వినేట్టు. అలాగే పోయాడు.

ఆ గూట్లో చిన్న సుత్తి ఉంటుంది, తే. అదే. కొట్టు, ఆ అంచు మీద. మెల్లగా కాదు, కొట్టు. నాకు ఈ మధ్య అన్నీ దబ్బుమనే వినపడుతున్నాయి, గంట కొట్టినా, గిన్నె పడినా. ఏమంది? ఖంగుమందా?

నిజంగానే? నా మొహం చూసి చెప్పట్లేదు కదా?

సరే, తీసిన చోటే పెట్టెయ్. ఎండ ఇటొచ్చేసింది, నా కుర్చీ కాస్త అటు జరుపు.