విశ్వాస ప్రమాణంలో ఒక పాదం

డాన్యూబ్ ఒడ్డున ఆ ఊరి చర్చికి నలభై ఏళ్లుగా పూజ పాటలు, ఒక్కో పూజలో నమ్మకాన్ని చెప్పుకునే విశ్వాస ప్రమాణంతో సహా, కట్టింది మాస్టారే. ఇప్పుడాయనకు చూపు లేదు. కొత్తగా వచ్చిన ఫాదర్ ఆ కాగితాలు తిరగేస్తుంటే ఆర్గన్ దగ్గర కూర్చుని వింటున్నారు.

“మాస్టారూ, విశ్వాస ప్రమాణంలో ఒక పాదం లేదేం?”

“పాత ఫాదర్‌గారు ఆకలికి ఆగేవారు కాదండీ. ఇంట్లో పిండి ఉండల సూపు చల్లారిపోతుంది, త్వరగా ముగించవయ్యా అనేవారు. ఆ పాదం మింగేశాను.”

“అన్నింట్లోనా?”

“ఇరవై రెండింట్లోనూ.”

“మాట తగ్గిన పాట ఇకమీదట చర్చిలో పాడకూడదని బిషప్‌గారి ఆజ్ఞ. ఇవన్నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి.”

“కలుపుతానండీ. నేను చెబుతాను, మీరు రాయండి.”

“స్వరం రాయడం నాకు రాదు. ఊళ్లో ఇంకెవరికి వచ్చు?”

“నాకొక్కడికే.”

ఫాదర్ కాగితాలు ఒక్కొక్కటే సర్దసాగారు.

“పోనీ, ఒక్కటి వదిలెయ్యండి. మా ఆవిడ చనిపోయిన ఏడు నేను కట్టింది.”

“ఇందులోనూ అదే పాదం లేదు మాస్టారూ. ‘మృతులు తిరిగి లేస్తారని ఎదురుచూస్తున్నాను.’ కనీసం ఇందులోనైనా ఉంచకపోయారా?”

మాస్టారు ఆర్గన్ మూత వేశారు.

“ఆ వేళ కూడా ఆయనకి ఆకలేసిందండీ.”