ఇద్దరి చేతులూ మూత మీదే

కూతురు పోయిన వారానికి, ఆ పిల్ల నిమ్మాకులు వేసి పెంచిన గొంగళిపురుగు గాజుసీసాలో సీతాకోకచిలుకైంది. తల్లి పొద్దున్నుంచీ దాని ముందే కూర్చుంది.

“పాపం, రెక్కలు సీసాకేసి కొట్టుకుంటోంది. మూత తియ్యవే,” అన్నాడు భర్త.

“ఆసుపత్రికి వెళ్తూ, ‘నేనొచ్చేదాకా వదలొద్దమ్మా’ అందండీ.”

“ఇంకెక్కడొస్తుందే, పిచ్చిదానా!”

“తెలుసు. కానీ సరేనని మాటిచ్చాను. మీరు తియ్యండి.”

అతను మూత మీద చెయ్యి వేసి, వెనక్కి తీసుకున్నాడు.

“నా చేతా ఒట్టేయించుకుంది.”

అన్నాళ్లూ కంటతడి పెట్టని ఆమె బావురుమంది. ఏడుస్తూనే అతని చేతిని మళ్లీ మూత మీద పెట్టి, పైన తన చెయ్యి వేసింది.

“ఇద్దరం కలిసి తీద్దాం. అలిగితే ఇద్దరి మీదా అలుగుతుంది.”

సీతాకోకచిలుక కిటికీ దాటి వెళ్లిపోయినా, వాళ్లు చేతులు విడదీసుకోలేదు.