మూడు వందల పన్నెండు గొంతులకు కావలి: శ్రీ ఈశ్వరప్ప గారు

1989వ సంవత్సరం ఆగస్టు నెల 21వ తేదీ, సోమవారం ఉదయం, నాటి వేరుశనగ రైతుల సహకార సంఘంలో టైపిస్టుగా చేరిన శ్రీ ఈశ్వరప్ప గారు, ముప్పై ఆరు సంవత్సరాల సుదీర్ఘ సేవ అనంతరం, సౌరక్షేత్ర నిర్వహణ కార్యాలయపు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సందర్భంగా వెలువడే సంచికలో తమ గురించి ఒక వ్యాసం ఉంటుందని తెలిసినప్పుడు వారు సంతోషించనూ లేదు, వద్దనీ అనలేదు. సంచిక బాధ్యతలు చూస్తున్న బైలప్ప గారిని పిలిచి ఒక్క షరతు పెట్టారు.

“నాలుగు మంచి మాటలు రాస్తారు, సరే. ఆ పోయినవాటి సంగతి గూడా రాయల్లప్పా.”

“సన్మానం పుస్తకంలో అట్లాటివి రాస్తారా సార్? ఇంట్లోవాళ్లు గూడా చదువుతారు.”

“ఇంట్లోవాళ్లకు ఎప్పుడో తెలుసు. అది ఇడిసిపెట్టి రాస్తే ఆ మనిషి ఎవురో వేరే అయితాడు. అట్లయితే రాయొద్దండి.”

ఆ షరతును శిరసావహించి, వారి సేవాజీవితాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఈ పుటలలో పొందుపరచడమైనది.

క్యాతగానచెర్లు గ్రామంలో, ఆరెకరాల మెట్టచేను గల కుటుంబంలో జన్మించిన ఈశ్వరప్ప గారు ఇంట తెలుగు, బడిలో కన్నడం, టైపు మిషను మీద ఇంగ్లీషు నేర్చినవారు. 1998లో సంఘానికి మొట్టమొదటి కంప్యూటరు వచ్చినప్పుడు, దానికి పసుపు కుంకుమ పెట్టి, గుడ్డ కప్పి, ముట్టుకోవడానికి అందరూ జంకుతున్న రోజులలో, దానితో పాటు వచ్చిన పుస్తకాన్ని ఆయన నిఘంటువు పక్కన పెట్టుకుని, రోజుకు రెండు పేజీల చొప్పున, ఒక వేసవిలో చదివి ముగించారు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు కంప్యూటరు మొరాయించి, తుమకూరు నుండి మెకానిక్ రావడానికి వారం పడుతుందని అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నప్పుడు, లేచి వెళ్లి బాగుచేసి, తిరిగి వచ్చి తమ కుర్చీలో కూర్చున్నారు. ఆ తరువాత టైపు మిషను మీద మరొకరిని కూర్చోబెట్టక తప్పలేదు.

2017 సంవత్సరారంభంలో, సౌరక్షేత్రం (సోలార్ పార్కు) కోసం రైతుల పొలాలను కౌలుకు తీసుకుని చదునుచేసే పని క్యాతగానచెర్లు, వల్లూరు ప్రాంతాలకు చేరుకున్నది. సర్వే నంబర్ల హద్దులు ప్రభుత్వ రికార్డులలో ఉన్నాయి. కాని ఒకే నంబరులో అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్న భాగాలకు గట్లూ రాళ్లూ తప్ప వేరే ఆధారం లేదు. ఆ గట్లు ఇక ఉండవు. కౌలు గడువు చూస్తే ఇరవై ఎనిమిది సంవత్సరాలు. నేల తిరిగి చేతికి వచ్చేనాటికి ఏ భాగం ఎవరిదో చెప్పగల పెద్దలు ఎందరు మిగులుతారన్న చింత చాలామందికి కలిగి ఉంటుంది. దానికొక ఉపాయం వెదికినవారు ఈశ్వరప్ప గారు. సంఘం అనుమతితో, నలభై రోజుల పాటు, ఒక్కొక్క పెద్దతో కలిసి వారి గట్ల వెంట నడుస్తూ, వారు చెప్పినది చెప్పినట్టుగా ఫోనులో రికార్డు చేశారు. అట్లా సేకరించిన మూడు వందల పన్నెండు గొంతులను ఊరు, పేరు, సర్వే నంబరు వారీగా అమర్చి, సంఘం వాడుతున్న క్లౌడ్‌లో, అనగా ఇంటర్నెట్ ద్వారా ఎక్కడి నుండైనా తెరవగల దూరపు కంప్యూటర్లలో, భద్రపరిచారు.

వల్లూరు మారన్న గారు, కీర్తిశేషులైన తమ్మునితో పంచుకున్న చేను చుట్టూ ఆయనను తిప్పి, నడిమధ్యనున్న పాత బావి దగ్గర ఆగి అడిగిన మాటలు ఈశ్వరప్ప గారికి నేటికీ గుర్తే.

“రేపు మా పిల్లోళ్లు ఈ బావి నాదంటే నాదని పట్టుకున్యారనుకో. నీ ఫోను వచ్చి సాచ్చికం చెప్తాదేంది?”

“చెప్తాది మారన్నా. నీ గొంతుతోనే చెప్తాది.”

“అట్లయితే గట్టిగా చెప్తా, ఉండు. మళ్లా ఇనపళ్లేదంటారు.”

ఆ మరుసటి సంవత్సరమే మారన్న గారు కాలం చేశారు.

వేరుశనగ తగ్గిపోవడంతో 2018లో సంఘం మూతపడి, అందులోని ఏడుగురు ఉద్యోగులు నిర్వహణ కార్యాలయంలోకి మారారు. ఈశ్వరప్ప గారికి సిస్టమ్స్ బాధ్యత అప్పగించబడింది. హాజరు యాప్, ప్యానెళ్ల మరమ్మతు ఫిర్యాదుల యాప్, దస్తావేజుల నిల్వ, వీటిలో ఎవరికి ఏది చూసే అనుమతి ఉండాలో నిర్ణయించడం, ఏదైనా నిలిచిపోతే ఎక్కడ చిక్కుకున్నదో కనిపెట్టడం వారి నిత్యకృత్యమైనది.

ఆ తొలినాళ్లలోనే, ప్యానెళ్లు తుడిచే వల్లూరు బృందంలోని పద్నాలుగు మంది మహిళలను హాజరు యాప్ వరుసగా మూడు రోజులు గైరుహాజరుగా చూపించింది. ఈశ్వరప్ప గారు కార్యాలయంలోనే కూర్చుని సెట్టింగులన్నీ మార్చి చూశారు; యాప్‌ను తీసివేసి మళ్లీ ఎక్కించారు; తయారుచేసినవారికి మూడు ఉత్తరాలు రాశారు. నాలుగవ రోజు బస్సెక్కి వల్లూరు వెళ్లారు. బృందానికి పెద్దయైన ఆంజినమ్మ గారు దూరం నుండే అందుకున్నారు.

“రాండి సార్, రాండి. మూడు దినాలుగా మేము ఈడ ల్యామంట గదా? మరి ఈ ప్యానెళ్లు ఎవురు తుడిసినారు, మీరొచ్చి తుడిసిపోయినారా?”

“ఫోన్లు యాడ పెట్టినారమ్మా?”

“చేతిలో నీళ్ల పైపు పట్టుకోని, ఫోను నోట్లో కరుసుకోవల్లనా? అద్దో, ఆ సద్దిమూటల కాడ ఉండాయి.”

సద్దిమూటలు కంచెకు అవతల, నీడపట్టున ఉన్నాయి. ఫోను ఉన్నచోటే మనిషి ఉన్నట్టు లెక్కగట్టే ఆ యాప్‌లో గీసిన హద్దు కంచెతోనే ముగిసింది. ఆ నీడ కూడా లోపలికి వచ్చేలా హద్దును నలభై అడుగులు జరపడానికి ఆయనకు ఐదు నిమిషాలు పట్టింది. ఏ ఫిర్యాదు వచ్చినా ముందు చోటికి వెళ్లి చూసి, ఆ తరువాతే కంప్యూటరు ముందు కూర్చోవడం ఆనాటి నుండి ఆయన పద్ధతి. ఆంజినమ్మ గారికి మాత్రం ఆయన నేటికీ ‘నలభై అడుగుల సారు’.

ఆ పద్ధతిని ఆయన ఒకసారి తప్పారు. 2021 జూన్‌లో నిల్వ నిండిపోవచ్చినదని, భారం తగ్గించమని పైనుండి ఉత్తర్వు వచ్చింది. ఐదేళ్లుగా ఎవరూ తెరవని ఫైళ్లు వాటంతట అవే తొలగిపోయేలా ఈశ్వరప్ప గారు ఒక నియమం అమర్చారు. అనేక కార్యాలయాలలో ఉన్న ఆనవాయితీయే అది. అయితే ఏ ఫోల్డర్‌లో ఏముందో తెరిచి చూడలేదు. ఎంత చోటు ఆక్రమించినదో మాత్రమే చూశారు. సంఘంతో పాటు కార్యాలయం అధీనంలోకి వచ్చిన, ఆ గొంతులున్న పాత ఫోల్డర్ కూడా ఆ నియమం కిందికే వచ్చింది. తొలగించే ముందు నియమం మూడుసార్లు హెచ్చరిక పంపింది. ఆ హెచ్చరికలు వెళ్లినది మూతపడిన సంఘం మెయిలుకు. దానిని తెరిచే మనిషి లేడు. 2022లో ఐదేళ్లు నిండగానే, నలభై రోజులలో, ఏ వరుసలో రికార్డయినవో అదే వరుసలో ఆ గొంతులన్నీ ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి. ఇరవై ఎనిమిదేళ్ల తరువాత తెరవడానికి దాచినవి, ఐదేళ్లు తెరవలేదన్న కారణంతో పోయాయి. కార్యాలయంలో ఎవరికీ తెలియలేదు.

2023 జనవరిలో మారన్న గారి కుమార్తె సవిత గారు, ఆయన తమ్ముని కుమారుడు శివరాజు గారు ఒకే మోటారు సైకిలు మీద కార్యాలయానికి వచ్చారు. భాగాలు కాగితం మీద రాసుకోవాలనుకున్నారు. హద్దు బావికి ఏ పక్క నుండి పోతుందన్న ఒక్కచోటే అనుమానం.

“మా నాయన చెప్పినాడంట గదా సార్, మీకాడ ఉండాదంట. ఇనిపించండి. ఎట్ల చెప్పింటే అట్లనే రాసుకుంటాము.”

“అవు సార్,” అన్నారు శివరాజు గారు, “పెద్దనాయన మాట మీద ఇంగ మాట లేదు మాకు.”

ఈశ్వరప్ప గారు ఫోల్డర్ తెరిచారు. ఖాళీగా ఉన్నది. వారిద్దరినీ మూడు రోజులు ఆగమని చెప్పి వెతకని చోటు లేదు. తొలగించినవి తిరిగి తెచ్చుకునే గడువు ఎప్పుడో దాటింది. రికార్డు చేసిన ఫోనును సంఘం మూతపడినప్పుడే ఖాళీచేసి అప్పగించారు. నిల్వ సంస్థ నుండి వచ్చిన జవాబులో, తొలగింపు నియమం ప్రకారమే సక్రమంగా జరిగిందని, నియమం అమర్చినవారు ఫలానా అని ఆయన పేరే ఉన్నది. సాంకేతిక లోపమని ఒక్క మాట అని ఉంటే అడిగేవారు లేరు. ఆయన అనలేదు.

“నేనే పోగొట్టినానమ్మా. యంత్రానిది తప్పు ల్యా.”

“మా నాయన గొంతు గూడా పాయనా సార్?” అని మాత్రమే అడిగారు సవిత గారు. శివరాజు గారు బయటికి నడిచారు.

ఆ తరువాతి ఆదివారం మొదలుకొని రెండున్నర సంవత్సరాల పాటు ఈశ్వరప్ప గారు సెలవు దినమన్నది ఎరుగరు. సొంత ఖర్చుతో ఊరూరా తిరిగి, మిగిలిన పెద్దలను వెదికి, మళ్లీ అడిగారు. ఎనభై ఏళ్లు దాటిన ఓబక్క గారు ప్యానెళ్ల వరుసల నడుమ నిలబడి, “అన్నీ ఒకే తీరుగా ఉంటే యాడని చెప్పేదప్పా? గట్టు ఉన్నెప్పుడు కాలికి తెలిసేది. కంటికేం తెలుస్తాది?” అన్నారట. ఇప్పటికి నూట ఎనభై ఏడు చేరాయి. నూట ఇరవై ఐదు చేరలేదు, చెప్పవలసినవారు లేరు. చేరినవాటిని మూడు వేర్వేరు చోట్ల ఉంచి, ఎవరూ తుడిపివేయలేని విధంగా తాళం అమర్చి, మెయిలుకు బదులు ముగ్గురు మనుషులను పేరుపేరునా బాధ్యులను చేశారు.

అన్నిటికంటే కఠినమైన పరీక్ష వేరొకటి. ఆ అన్నాచెల్లెళ్ల నడుమ మాటలు నిలిచిపోయాయి. ఒకనాడు శివరాజు గారు ఒంటరిగా ఆయన ఇంటికి వచ్చారు.

“ఆ దినం మీరు పక్కనే ఉన్యారు గదా సార్. బావి మాదిక్కే వస్తాదన్యాడని చెప్పండి. సవిత గూడా మీ మాట కాదనదు.”

వారం తిరగకముందే సవిత గారూ అదే కోరికతో వచ్చారు. ఈశ్వరప్ప గారికి ఆ దినమంతా గుర్తున్నది. మారన్న గారి తలపాగా, ఆగి ఆగి వచ్చే దగ్గు, బావి గట్టు మీద ఆరబెట్టిన చీర గుర్తున్నాయి. హద్దు బావికి ఈ పక్కనన్నారో ఆ పక్కనన్నారో, అది ఒక్కటే గుర్తు లేదు. ఎవరి వైపు చెప్పినా ఆనాటితో తగవు తీరిపోయి ఉండేది. ఇద్దరికీ ఆయన ఇచ్చిన సమాధానం ఒకటే.

“గుర్తు ల్యాని మాట గుర్తుండాదని ఎట్ల చెప్పేదప్పా? ఒకసారి పోగొట్టినా. ఇప్పుడు అబద్ధం చెప్పి రెండోసారి పోగొట్టలేను.”

ఈ మాటకు సంతోషించినవారు లేరు. తగవు నేటికీ తీరలేదు. అయినను, ఒక ఉద్యోగి నిజాయితీని కొలవడానికి ఈ కార్యాలయంలో ఇంతకు మించిన ఉదాహరణ లేదని సహోద్యోగులందరి అభిప్రాయం.

ఈశ్వరప్ప గారి స్థానంలో గత వారం బాధ్యతలు స్వీకరించిన శిల్పశ్రీ గారు, వారి ఖాతాను మూసివేసే ముందు ఒకమాట అడిగారు.

“చూసే అనుమతి ఒక్కటి ఉంచుతాను సార్. ఎవరికి తెలుస్తాది?”

“వద్దమ్మా. ఉద్యోగం ఇడిసినోళ్లకు అనుమతి ఉండగూడదని రాసింది నేనే.”

“సరే సార్. ఏడాదికొకసారి ఆ రికార్డులన్నీ తెరుస్తాను, మాటిస్తాను.”

“తెరిస్తే చాలదమ్మా. కూర్చోని ఇనల్ల.”

శ్రీ ఈశ్వరప్ప గారికి, ఇన్ని ఆదివారాలను ఓర్పుతో వదులుకున్న వారి సహధర్మచారిణి శ్రీమతి లింగమ్మ గారికి సహోద్యోగులందరి నమస్సులు. కౌలు గడువు తీరేనాటికి ఈశ్వరప్ప గారికి ఎనభై ఏళ్లు నిండుతాయి. ఆ నేల గట్లతో ఉన్ననాడు దానిమీద మూడు వందల పన్నెండు మందితో నడిచినవారు ఈ తాలూకాలో ఆయన ఒక్కరే. కనుక ఆయన ఆయురారోగ్యాలు కోరుకోవడంలో మర్యాదతో పాటు మా అవసరమూ ఉన్నది. కంటిచూపు తగ్గకుండా, నడక తడబడకుండా, ఆనాటికీ వారు మా నడుమ ఉండాలని, ఈలోగా ఏదో ఒక ఉదయం, చెప్పులు వేసుకుంటున్న వేళ, మారన్న గారు బావి దగ్గర అన్న ఆ ఒక్క మాట తనంతట తానే గుర్తుకు రావాలని, దానిని చెప్పడానికి వారు వల్లూరు చేరేసరికి వినడానికి సవిత గారు, శివరాజు గారు ఒకే వసారాలో కూర్చుని ఉండాలని మనసారా కోరుకుంటున్నాము.