చిక్కుకున్న గాలి

ఆఫీసులో ఓ మూల గది, రెండు కుర్చీలు, ఒక కంప్యూటర్. వదినా మరుదులు ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం: పైపుల్లో నీళ్ళూ గాలీ కలిసి ఎలా పోతాయో లెక్కకట్టడం. ఆమె భర్త, అంటే ఇతని అన్న, ప్లాంటులో వాల్వ్ తిప్పుతుండగా పైపు పగిలి చనిపోయాడు. ఎంక్వైరీ వాళ్ళ కోసం ఇప్పుడు ఆ ప్రమాదాన్నే ఇద్దరూ కంప్యూటర్లో లెక్కకడుతున్నారు.

“లెక్క మళ్ళీ పేలింది వదినా.”

“ఎక్కడ?”

“ఎక్కడేంటి, అక్కడే. వాల్వ్ దాటాక, మలుపులో గాలి చిక్కుకున్న చోట. ప్రెజర్ ఆకాశానికెళ్ళింది, ప్రోగ్రాం చచ్చింది.”

“టైమ్ స్టెప్ తగ్గించావా? కాలాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసి చూడు.”

“సగం చేశా. సగంలో సగం చేశా.”

“మెష్? పైపుని కోసిన గళ్ళు?”

“అదీ సన్నం చేశా. ఉహూఁ. వాల్వ్ మెల్లగా తిప్పినట్టు ఇచ్చినా పేలుతోంది, గబుక్కున తిప్పినట్టు ఇచ్చినా పేలుతోంది. ఇక వదిలేద్దాం వదినా. లెక్క తేలలేదని ఎంక్వైరీ వాళ్ళకి రాసిచ్చేద్దాం.”

“రాసిచ్చేస్తే?”

“అన్నయ్యది తప్పని ఎవడూ అనలేడు. మనిషి ఎలాగూ పోయాడు, పేరైనా మిగలనీ.”

“మరి ఆ కంట్రోల్ రూమ్ అమ్మాయి?”

“ఆమె గొడవ మనకెందుకు?”

“సరిగ్గా హెచ్చరించలేదని సస్పెండ్ చేశారుగా. నిన్న ఇంటికొచ్చింది.”

“ఎందుకు రానిచ్చావు?”

“లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి ఏడ్చింది. ‘లైన్లో గాలుంది, మెల్లగా తిప్పండి సార్ అని చెప్పానక్కా, చెప్పానక్కా’ అని.”

“ఉద్యోగం పోతుంటే ఎవరైనా అదే చెప్తారు.”

“గాలి సెట్టింగు తెరువు.”

“ఏ గాలి?”

“ఏ గాలేంటి? పైపులో గాలి.”

“అది బాగానే ఉంది. పద, టీ తాగొద్దాం.”

“తెరవమన్నానా!”

“...తెరిచా.”

“గాలిని నొక్కితే నొక్కుకుంటుంది. సైకిల్ పంపు కొట్టినవాళ్ళందరికీ తెలుసు. ఇక్కడేమో నొక్కుకోదని పెట్టి ఉంది. ఇలా పెడితే లెక్క పేలక ఏం చేస్తుంది?”

“పొరపాటున పడిందేమో...”

“నీ చేత్తో పొరపాటా మరిదీ? నాకీ పని నేర్పిందే నువ్వు.”

“నేనే పెట్టా! సరేనా? కావాలనే పెట్టా. అది సరిచేస్తే లెక్క చక్కగా నడుస్తుంది వదినా. మెల్లగా తిప్పితే పైపుకి ఏమీ కాదు. గబుక్కున తిప్పితేనే పగులుతుంది. అన్నయ్యే తొందరపడ్డాడు. ఆ మాట నీకెలా చెప్పను? అమ్మకెలా చెప్పను? నువ్వేమో రోజూ వచ్చి కూర్చుని టైమ్ స్టెప్ అంటావు, మెష్ అంటావు. నేనేమో పక్కనే కూర్చుని నిన్ను మోసం చేస్తూ వచ్చా.”

“ఊరుకో. నువ్వేం మోసం చెయ్యలేదు.”

“చేశా కదా!”

“ఆ సెట్టింగు నేను మొదటి రోజే చూశా.”

“చూసి?”

“మూసేశా. లెక్క పేలినన్నాళ్ళూ మీ అన్నయ్య తప్పు లేనట్టే కదా. ఇంటికెళ్ళి రెండు ముద్దలు తినగలిగేదాన్ని.”

“అయితే ఇలాగే ఉంచేద్దాం వదినా. నీకూ తెలుసు, నాకూ తెలుసు. మూడోవాళ్ళకి తెలియక్కర్లేదు.”

“ఆ పిల్ల బతికుంది రా. పొద్దున నువ్వు రాకముందే వేరే కాపీలో సరిచేసి, నడిపి, ఎంక్వైరీ వాళ్ళకి పంపేశా.”

“పంపేశావా? మరి పొద్దుట్నుంచీ నాతో ఇవన్నీ ఎందుకు చేయించావు?”

“ఆయన తప్పు లేకుండా ఇంకొక్కసారి చూసుకుందామని.”