దూరం పంపే లెన్సు

మధ్యాహ్నం, కెమెరాల షాపు. కౌంటరుకి అటు షాపాయన, ఇటు ఇంట్లో బట్టలు కుట్టే ఒకావిడ.

“ఇంతకన్నా పెద్దది లేదా?”

“పిట్టల ఫొటోలకి మా దగ్గర ఇదే పెద్దదమ్మా. చెట్టు చివరున్న పిట్ట కన్ను కూడా కనిపిస్తుంది. మీవారు మొయ్యగలరా అని...”

“ఆయన మోత సంగతి నాకొదిలెయ్యండి. దీంతో వెళ్తే ఎంతసేపటికి తిరిగొస్తారు?”

“లెన్సుకీ దానికీ సంబంధం ఏముందమ్మా?”

“ఎందుకుండదు? దూరం పిట్టలు తియ్యాలంటే దూరం వెళ్తారుగా.”

“తిరగేసి అనుకుంటున్నారు. లెన్సు పెద్దదైతే వెళ్లక్కర్లేదు, కూర్చున్న చోటునుంచే తీసుకోవచ్చు.”

“కూర్చున్న చోటంటే... మా డాబా మీంచి కూడానా?”

“శుభ్రంగా!”

“అయితే వద్దు. లోపల పెట్టెయ్యండి. దగ్గరికి నడిచెళ్తే తప్ప పిట్ట కనపడనిది చూపించండి.”

“అలా అడిగిన మనిషిని మిమ్మల్నే చూస్తున్నా. అసలు సంగతేంటమ్మా?”

“ఆయన రైల్వేలో అనౌన్సరు. రిటైరయ్యాక మైకు అక్కడ వదిలేసి నోరు ఇంటికి తెచ్చుకున్నారు. పాలు పొంగుటకు సిద్ధముగా ఉన్నవంటారు. మిషను పక్కన నిలబడి, దారం మరికొద్దిసేపట్లో అయిపోతుందంటారు. మొన్న ఆ గోలలో ఒకావిడ జాకెట్టుకి రెండూ ఎడమ చేతులే కుట్టేశా. ప్రాణం విసిగిపోయిందనుకోండి. రోజుకో నాలుగ్గంటలు నిశ్శబ్దంగా ఉంటే చాలు నాకు!”

“ఈ చిన్నది... ఇది...”

“ఏం, బాగోదా?”

“బాగుంటుంది. తేలిక. ఆడవాళ్లు కూడా చేత్తో పట్టుకోవచ్చు.”

“ఆడవాళ్ల సంగతెందుకిప్పుడు?”

“ఊరికే అన్నా.”

“ఊరికే అనే మనిషిలా లేరే. చెప్పండి.”

“చెప్పొద్దన్నారు... రైల్వే అనౌన్సరనగానే గుర్తుపట్టా, మీ సార్ పొద్దున వచ్చారమ్మా. ఇదే లెన్సు పక్కన పెట్టించారు. మీకోసం. రోజూ ఇద్దరూ కలిసే కాలవ గట్టుకి వెళ్తారట. నేనొక్కణ్ణీ వెళ్తే పాపం, ఇంట్లో దానికేం తోస్తుంది అన్నారు.”

“తోచదా? నాకా!”

“చాలా ప్రేమగా అన్నారమ్మా.”

“నా ఖర్మ! ఇంట్లో అయితే గది మారేదాన్ని. గట్టు మీద ఎటు పోను? పిట్ట పిట్టకీ ఓ అనౌన్స్‌మెంటు!”

“అబ్బే, అక్కడ మాట్లాడకూడదు. గుసగుస వినపడ్డా పిట్ట లేచిపోతుంది. ఎన్ని గంటలైనా నోరు మూసుక్కూర్చోవాల్సిందే.”

“ఆయనా?”

“ఎవరైనా.”

“అంటే... నా పక్కనే ఉండి... ఒక్క ముక్క మాట్లాడరు?”

“మాట్లాడితే ఫొటో పోయినట్టే.”

“ఉండండి, కళ్లజోడు తుడుచుకోనివ్వండి.”

“ఏమ్మా, ఏమైంది? కుర్చీ వెయ్యనా?”

“ఏం లేదు. పెళ్లికి ముందు ఒకే ఒక్కసారి అలా కూర్చున్నారు నా పక్కన. అది చూసే ఒప్పుకున్నా... ఇలాంటిదే ఆయనకీ ఒకటి ప్యాక్ చెయ్యండి. నాతో చెప్పేశారని ఆయనకి మాత్రం చెప్పకండి.”