క్షేమంగా అప్పగించాం

కోర్టు ఎదురు సందులో, జిరాక్స్ షాపు పైన, ఒక లాయరమ్మ గది. మధ్యాహ్నం రెండున్నర. ఎదురు కుర్చీలో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక తల్లి, ఆమె భుజం మీద నిద్రపోతున్న మూడేళ్ల పాప.

“ఫోను నీదే మోగుతోంది. ఎత్తు.”

“వద్దు మేడమ్. మోగనీండి.”

“ఈ గదిలోకి వచ్చి ఫోను ఎత్తని మనిషివి నువ్వొక్కదానివే అమ్మాయ్. ఎవరూ?”

“పెద్దక్క.”

“మీ అక్కా?”

“కాదు మేడమ్. డే కేర్ నడిపే ఆవిడ. అందరం పెద్దక్క అనే అంటాం. పొద్దుట్నుంచి ఇది తొమ్మిదోసారి.”

“అయితే పదోసారికి చూద్దాంలే. నువ్వు చెప్పు. గురువారం సాయంత్రం ఆరింటికి పాపని తీసుకున్నావు.”

“తీసుకున్నాను. నిద్రమత్తులో ఉంది. ఆయా నా చేతుల్లో పెట్టి, ఇవాళ తెగ ఆడింది, అలిసిపోయింది, లేపకు అంది. మా కంపెనీ వ్యానువాడు గేటు ముందు రెండు నిమిషాలకంటే ఆపడు. హారన్ మీద హారన్. ఎత్తుకుని ఎక్కేశాను.”

“ఏడవలేదా పాప?”

“లేదు. మూలిగింది. కల వచ్చిందేమో అనుకున్నా. ఇంటికెళ్లి, ఒళ్లు తుడుద్దామని చొక్కా విప్పబోతే...”

“చొక్కా ఏంటి, ఆడపిల్లకి?”

“అదే మేడమ్. పొద్దున పసుపు గౌను వేసి పంపాను. సాయంత్రానికి ఎవరిదో పొడుగు చేతుల చొక్కా ఉంది ఒంటిమీద. పాలు ఒలకబోసుకుందేమో, మార్చారేమో అనుకున్నా.”

“విప్పితే?”

“ఊడి రాలేదు మేడమ్. వీపుకి అంటుకుపోయింది.”

“నీళ్లు తాగు. గ్లాసు అక్కడుంది. పాప లేస్తుంది, మెల్లగా తాగు.”

“ఆసుపత్రిలో తడిపి తీశారు. మెడ కింద నుంచి నడుం దాకా మేడమ్. బొబ్బలు. డాక్టరు చూసి వేడినీళ్లు అన్నాడు. కాలి నాలుగైదు గంటలైందన్నాడు.”

“నాలుగైదు గంటలన్నాడా! అది కాగితం మీద రాశాడా?”

“లేదు.”

“మరి ఏం రాశాడు?”

“మీరు తిడతారు.”

“నా ఫీజులో తిట్లు కూడా కలిసే ఉంటాయి. చెప్పు.”

“ఎక్కడ చూశావమ్మా అని అడిగాడు. ఇంట్లో సార్ అన్నాను. చూసింది ఇంట్లోనే కదా మేడమ్. ఆయనేమో, ఇంట్లో కాలిందని తల్లి చెప్పింది అని రాసుకున్నాడు. నాకు తెలీదు. మొన్న స్టేషన్లో చదివి వినిపించేదాకా తెలీదు.”

“ఓరి దేవుడా.”

“కాళ్లూ చేతులూ ఆడలేదు మేడమ్ ఆ రాత్రి. ఏం అడుగుతున్నారో, ఏం చెప్తున్నానో...”

“సరే, సరే. ఏడవకు. డాక్టర్ని పిలిపించి అడుగుదాం. కాలిన గాయానికి వయసు ఉంటుంది, వాళ్లు చూసి చెప్పగలరు. ఇప్పుడు విను. నీకు దారులు లేకపోలేదు. పసిపిల్లని చూసుకుంటామని తీసుకుని నిర్లక్ష్యం చేసినందుకు, చేసి దాచినందుకు కేసు ఉంది. పిల్లల సంక్షేమం వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు. ఆ డే కేర్‌కి లైసెన్సు ఇచ్చిన ఆఫీసుకి వెళ్లొచ్చు. పాప వైద్యానికి, రేపు ఆ వీపు మీద మిగిలే మచ్చకి నష్టపరిహారం వెయ్యొచ్చు. అర్థమైందా?”

“వాళ్ల ఫారం మీద, ఏం జరిగినా మాకు సంబంధం లేదని ఉంది మేడమ్. చేర్పించిన రోజే దాని కింద సంతకం పెట్టించుకున్నారు.”

“అది తీసుకెళ్లి కింద జిరాక్స్ వాడికివ్వు, వెనక వైపు వాడుకుంటాడు. పసిపిల్ల ఒంటిమీద హక్కు కన్నతల్లివి నువ్వు కూడా సంతకం పెట్టి వదులుకోలేవు. దానికి భయపడకు. నాకు కావాల్సింది రుజువు. కెమెరా ఉందా అక్కడ?”

“ఉంది. మంగళవారం నుంచి పనిచెయ్యట్లేదట.”

“మంగళవారం నుంచా? ఎంత ముందుచూపో! పసుపు గౌను?”

“కనపడట్లేదన్నారు.”

“పోనీ, ఆ చొక్కా ఉంది కదా. వీపుకి అంటుకున్న చొక్కా. అది ఎక్కడుంది?”

“ఇచ్చేశాను మేడమ్.”

“ఎవరికి?”

“వాళ్లకే. ఎవరి పిల్లాడిదో కదా. సబ్బు పెట్టి, మరకలు పోయేదాకా ఉతికి, ఇస్త్రీ చేసి, మా ఆయనతో పంపించాను.”

“ఇస్త్రీ కూడా చేశావా?”

“చేశాను.”

“మంచిదానివే తల్లీ! నీ మంచితనం తగలెయ్య! కూతురు ఆసుపత్రిలో ఉంటే చొక్కా ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చావా?”

“పాప దగ్గర రాత్రంతా కూర్చుని, తెల్లారి ఇంటికొస్తే ఏం చెయ్యాలో తోచలేదు మేడమ్. చేతులు ఊరుకోవు. ఏదో ఒకటి చెయ్యకపోతే పిచ్చెక్కేలా ఉంది. అది కనపడింది. ఉతికేశాను.”

“ఇక రుజువేం మిగిలింది మనకి?”

“మీరు కూడా కేసు తీసుకోరా?”

“కూడా అంటే?”

“ఇద్దరు లాయర్లని కలిసి వచ్చాను మేడమ్. ఒకాయన రాజీ చేసుకో అన్నాడు. ఇంకొకాయన, ముందు నీ సంగతి చూసుకో అన్నాడు.”

“నీ సంగతేంటి?”

“ఇవాళ నాలుగింటికి స్టేషనుకి రమ్మన్నారు.”

“రమ్మంటారు. ఫిర్యాదు ఇచ్చింది నువ్వే కదా.”

“ఫిర్యాదు గురించి కాదు. నేనే కాల్చానని.”

“ఏంటీ?”

“నేనే ఇంట్లో వేడినీళ్లు పోశాననో, చూసుకోలేదనో అనుకుంటున్నారు. విచారణ తేలేదాకా పాపని నా దగ్గర ఉంచరట. వేరే చోట పెడతారట. మా ఆయనతో అన్నారు. మేడమ్, ఇది నా మెడ వదలదు. ఎవరైనా వెనక నించుంటే కెవ్వున అరుస్తుంది. రాత్రిళ్లు బోర్లా పడుకుని నా వేలు పట్టుకుంటే తప్ప కళ్లు మూయదు. దీన్ని తీసుకెళ్లి ఎక్కడో, ఎవరి దగ్గరో...”

“ఆగు, ఆగు. డాక్టరు ఒక్క మాట రాసినంత మాత్రాన ఎవరూ అంత దూరం పోరు. ఇంకేదో ఉంది. నువ్వు చెప్పట్లేదు.”

“ఏం లేదు మేడమ్.”

“ఏం లేదా?”

“ఏం లేదు.”

“ముప్పయ్యేళ్లుగా ఈ కుర్చీలో కూర్చుని ఏం లేదు అనేవాళ్లనే చూస్తున్నాను. వాళ్ల దగ్గరే అన్నీ ఉంటాయి. చెప్పు. నువ్వు నా దగ్గర దాచింది నాలుగింటికి వాళ్లు నా ముందు తీస్తే, నేను నోరు మూసుకుని కూర్చోవాలి. పాపని తీసుకెళ్తుంటే చూస్తూ కూర్చోవాలి.”

“పోలీసుల దగ్గర ఒక ఫోటో ఉంది. పెద్దక్క ఇచ్చింది.”

“దేనిది?”

“పుస్తకంది. పిల్లలందరికీ తలా ఒక పుస్తకం ఉంటుంది మేడమ్. రోజుకో పేజీ. ఎప్పుడొచ్చింది, ఏం తింది, ఎంతసేపు పడుకుంది, ఆయా రాస్తుంది. చివర, పాపని క్షేమంగా అప్పగించాం, ఒంటిమీద ఏ దెబ్బా లేదు అని ఉంటుంది. దాని కింద మనం సంతకం పెట్టాలి.”

“గురువారం పేజీ మీద నీ సంతకం ఉంది.”

“ఉంది.”

“నిద్రమత్తులో ఉన్న పిల్లని తీసుకుని, చొక్కా మారిందని చూసి కూడా, విప్పి చూడకుండా సంతకం పెట్టావు.”

“గురువారం పెట్టలేదు మేడమ్.”

“మరి?”

“సోమవారం పెట్టాను.”

“సోమవారం ఏంటి?”

“సోమవారం పొద్దున్నే వారం మొత్తానికి పెట్టేస్తాను. ఆరు పేజీల మీద ఆరు సంతకాలు. సాయంత్రం గేటు దగ్గర ఇరవై మంది తల్లులు, ఒక్క పెన్ను, బయట వ్యాను హారన్. ఒకసారి సంతకం కోసం నిలబడితే వ్యాను వెళ్లిపోయింది. నాలుగు మైళ్లు నడిచాను దీన్నెత్తుకుని. అప్పట్నుంచి ఇంతే.”

“ఎవరు నేర్పారు నీకీ తెలివి?”

“మా పనే అంత మేడమ్. నేను చెకింగ్ టేబుల్ మీద ఉంటాను. కుట్టిన చొక్కాలు వస్తాయి. కుట్టు ఊడిందా, గుండీ వంకరుందా, మరక ఉందా చూసి, చీటీ మీద సంతకం పెట్టి పంపాలి. చూసి పెడితే లైను ఆగిపోతుంది. అందుకని పొద్దున్నే వంద చీటీల మీద పెట్టేసుకుని, తర్వాత చొక్కాలు చూస్తాం. అందరం అంతే. చెయ్యి అలవాటు పడిపోయింది.”

“తప్పున్న చొక్కా ఒక్కటైనా జారిపోదా?”

“ఒక్క చొక్కాలో తప్పు వదిలానని ఎవరూ అనలేదు మేడమ్, ఆరేళ్లలో. దారం పోగు బయటికొచ్చినా పట్టుకుంటాను. నా కూతురు వీపు కాలిపోయుంటే, ఎత్తుకుని, వ్యానులో ఇంటిదాకా కూర్చుని... నా చెయ్యి దాని వీపు మీదే ఉంది మేడమ్. జోకొడుతూనే ఉన్నాను. నొప్పికి మూలుగుతుంటే ఇంకా జోకొట్టాను. నేను తల్లినేనా?”

“అమ్మాయ్, ఇలా చూడు. ఆ మాట స్టేషన్లో అనకు. ఇంకెక్కడా అనకు. ఇక్కడ అన్నావు, ఈ గదిలోనే వదిలేసి వెళ్లు.”

“మళ్లీ మోగుతోంది.”

“పదోసారి. ఎవరో చూడు.”

“మా ఆయన.”

“ఎత్తు మరి. ఆయన తొమ్మిదిసార్లు చెయ్యలేదుగా.”

“హలో... ఆ, ఇక్కడే ఉన్నా... నిద్రపోతోంది... పెద్దక్క నీకు కూడా చేసిందా?... ఉంది. నా దగ్గరే ఉంది... వెళ్తూ ఇచ్చేద్దామనే తెచ్చాను... లేదు, ఇంకా ఇవ్వలేదు... సరే. సరే అన్నానుగా. ఏడవకు. నువ్వు కూడా ఏడిస్తే ఎలా?... పెట్టేస్తున్నా.”

“ఏంటి ఇచ్చేది?”

“పుస్తకం.”

“ఏ పుస్తకం?”

“అదే మేడమ్. పాపదే.”

“పాప పుస్తకం నీ దగ్గరుందా? ఇప్పుడు? ఈ గదిలోనా?”

“సంచిలో. చొక్కా ఇవ్వడానికి మా ఆయన వెళ్లినప్పుడు, ఆయా పాప సామానంతా సర్ది ఇచ్చేసింది. పాలసీసా, తువ్వాలు, దుప్పటి. అందులో ఇదీ వచ్చింది. పెద్దక్క అప్పుడు లేదట. రెండు రోజుల్నుంచి పుస్తకం తెచ్చివ్వు, తెచ్చివ్వు అని ఒకటే ఫోన్లు. తెచ్చిస్తే, అది ఇంట్లో పొరపాటున జరిగిందని తనే పోలీసులకి చెప్తుందట. తల్లి మంచిది, కావాలని చెయ్యలేదు అని చెప్తుందట. అప్పుడు పాపని తీసుకెళ్లరట. మా ఆయన ఒప్పుకున్నాడు.”

“నువ్వు?”

“ఇక్కణ్ణుంచి తిన్నగా అక్కడికే వెళ్దామనుకున్నా. నేనే కాల్చానని ఒప్పుకుంటే పాప నాతోనే ఉంటుందంటే ఒప్పుకుంటాను మేడమ్. ఎవరేమన్నా పడతాను.”

“మరి నా దగ్గరికెందుకొచ్చావు?”

“వేరే దారేమైనా ఉందేమోనని. లేకపోతే ఇచ్చేద్దామని.”

“ఒక్క సంగతి చెప్పు. పోలీసులకి ఫోటో ఎప్పుడో ఇచ్చేసింది కదా. పుస్తకంతో ఇంకా ఏం పని ఆవిడకి?”

“అసలుది కావాలని పోలీసులు అడుగుతున్నారట.”

“అడిగితే, నీ దగ్గరుందని చెప్పి ఊరుకోవచ్చు. రోజుకి పదిసార్లు ఫోన్లెందుకు? ఫోటో ఏ పేజీది?”

“గురువారంది.”

“అదొక్కటేనా?”

“ఒక్కటే.”

“నువ్వెన్ని సంతకాలు పెట్టానన్నావు?”

“ఆరు. శనివారం దాకా.”

“పుస్తకం తెరిచి చూశావా?”

“ఒక్కసారి. గురువారం పేజీలో నా సంతకం చూడగానే మూసేశాను. పొయ్యిలో పడేద్దామనిపించింది. మళ్లీ ముట్టుకోలేదు.”

“తియ్యి బయటికి.”

“మేడమ్, వద్దు. నాకు...”

“తియ్యమ్మా. టైము మూడవుతోంది. ఆయాకి రాయడానికి ఎప్పుడు తీరిక దొరుకుతుంది? ఇరవై మంది పిల్లలు, ఇరవై పుస్తకాలు. ముందే సంతకం పెట్టేసిన పుస్తకం కనపడితే ఏం చేస్తుంది?”

“తెలీదు మేడమ్.”

“నువ్వూ ఆవిడా ఒకే బడిలో చదువుకున్నవాళ్లలా ఉన్నారు. గురువారం అయ్యాక పేజీ తిప్పు.”

“నావల్ల కాదు మేడమ్. మీరు తిప్పండి.”

“నువ్వే తిప్పు. సంతకం పెట్టిన చెయ్యేగా. ఏముంది?”

“శుక్రవారం అని ఉంది.”

“ఖాళీగా ఉందా?”

“లేదు. రాసుంది. ఆయా రాతే.”

“చదువు.”

“‘పాప ఎనిమిదిన్నరకి వచ్చింది. అన్నం మొత్తం తింది. రెండు గంటలు పడుకుంది. లేచి బాగా ఆడుకుంది. ఆరింటికి తల్లికి క్షేమంగా అప్పగించాం. ఒంటిమీద ఏ దెబ్బా లేదు.’ కింద నా సంతకం. తర్వాత శనివారం... అదీ ఇంతే. మేడమ్, ఇదేంటి?”

“నువ్వే చెప్పు. శుక్రవారం నీ కూతురు ఎక్కడుంది?”

“ఆసుపత్రిలో. బోర్లా, నా ఒళ్లో. కట్టు మారుస్తుంటే నర్సు చెయ్యి కొరికింది... మేడమ్, మరి ఇక్కడ అన్నం తిని, పడుకుని లేచి ఆడుకున్న పాప ఎవరు?”